స్కూటీ మోటార్లకు మ్యాగ్నెట్లు మార్చడం ఎందుకు ఆపామంటే

మా దగ్గర కరెంటు స్కూటీలు బాగు చేయించుకునే అన్నలకు, అక్కలకు ముందే చెబుతున్నాం. చక్రంలోని మోటార్‌కు కొత్త మ్యాగ్నెట్లు వేసే పని ప్రస్తుతానికి తీసుకోవడం లేదు. మిగతా పనులన్నీ నడుస్తాయి.

సరుకు సరిగ్గా రాలేదు. మేం అడిగింది 150 డిగ్రీల దాకా తట్టుకునే ఎస్‌హెచ్ గ్రేడు. డీలర్ పంపిన డబ్బాల మీద కూడా ఎస్‌హెచ్ అనే ఉంది. చూస్తే తేడా తెలియదు, చల్లగా ఉన్నప్పుడు అయస్కాంత బలం కొలిచే గాస్ మీటర్‌కూ దొరకదు. అందుకే ఏ లాట్ వచ్చినా ఇనుప పట్టీకి అంటించి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లారాక అదే చోట మళ్లీ కొలుస్తాం. ఈ లాట్ నాలుగో వంతు బలం పోగొట్టుకుంది. అది తిరిగి వచ్చేది కాదు. 80 డిగ్రీలు దాటితే పనికిరాని మామూలు ఎన్ గ్రేడుకు ఎస్‌హెచ్ చీటీ అంటించారని మా నమ్మకం. నిలదీస్తే రేటు తగ్గిస్తామన్నారు. ఏళ్లుగా రొక్కం ఇచ్చి కొంటున్న మాతో మాట్లాడాల్సిన మాట అది కాదు.

అవే బిగించి ఇద్దామా, పని వాపసు పంపుదామా అని చాలా నలిగాం. చలికాలంలో ఆ బండి బాగానే నడుస్తుంది. మే నెలలో పాల క్యాన్లు కట్టుకుని ఎత్తు ఎక్కితే మోటార్ లోపల 100 డిగ్రీలు దాటొచ్చు. మ్యాగ్నెట్ బలం తగ్గితే అదే బరువు లాగడానికి కరెంటు ఎక్కువ గుంజుతుంది, కాయిల్ ఇంకా కాగుతుంది, ఆ వేడికి మ్యాగ్నెట్ ఇంకా నీరసిస్తుంది. చివరికి వైండింగో కంట్రోలరో కాలుతుంది. స్టాండు మీద చక్రం మునుపటికంటే వేగంగా తిరుగుతూ, రోడ్డు మీద బండి లాగకపోతే అనుమానించాల్సింది దీన్నే. అలాంటి మోటార్ మా షాపు నుంచి బయటికి పోదు. గిరాకీ పోతే పోనీ.

ఈ మ్యాగ్నెట్లకు ముఖ్యమైన మూలకం నియోడిమియం. వేడి తట్టుకోవడానికి వాటిలో డిస్ప్రోజియం, టెర్బియం అనే మూలకాలు కలుపుతారు. 2025 ఏప్రిల్ 4న చైనా తన దేశం నుంచి ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసిన 7 మూలకాల్లో ఈ రెండూ ఉన్నాయి, నియోడిమియం లేదు. అందుకే బజారులో ఎన్ గ్రేడు దొరుకుతోంది, ఎస్‌హెచ్‌కే కరువు. మన సముద్రతీరపు ఇసుకలో దొరికే మోనజైట్ అనే ఖనిజంలో నియోడిమియం ఉంది గానీ డిస్ప్రోజియం నామమాత్రమే. ఏడాదికి 6,000 టన్నుల మ్యాగ్నెట్లు ఇక్కడే చేయించాలని కేంద్రం 2025 నవంబర్‌లో 7,280 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. మంచిదే, కానీ ఫ్యాక్టరీలు లేచేదాకా మన బళ్లు ఆగవు కదా. మహబూబ్‌నగర్ దగ్గర మన దివిటిపల్లి ఫ్యాక్టరీ సంగతి చాలామంది అడుగుతున్నారు. అది బ్యాటరీలది, దీనికి అక్కరకు రాదు.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు మొత్తం వాపసు ఇస్తాం. పాత మ్యాగ్నెట్లు బలం తగ్గకుండా ఊడి మాత్రమే వచ్చి ఉంటే ఎపాక్సీతో మళ్లీ అంటించి ఇస్తాం. బండి కుదుపులతో కదిలితే హాల్ సెన్సార్ (చక్రం ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేది) పోయి ఉండే, చేత్తో తిప్పితే చక్రం బిగుసుకుంటే ఫేజ్ వైర్లు (మోటార్‌కు కరెంటు తెచ్చేవి) షార్ట్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. వాటికి మ్యాగ్నెట్లతో పనే లేదు. మోటార్‌ను మాత్రం ఇంట్లో సుత్తితో విప్పకండి. పుల్లర్ (నిటారుగా లాగి విప్పే పనిముట్టు) లేకుండా విప్పితే మ్యాగ్నెట్లున్న రోటర్ ఒక పక్కకు లాగేసి మ్యాగ్నెట్లు పగులుతాయి, ఇప్పుడు వాటికి బదులు వేయడానికి మా దగ్గర సరుకు లేదు.