పాట ఆగిపోయాక కూడా నాగయ్య గారు నటించారు మంత్రి గారూ

సినిమా, సంస్కృతి వ్యవహారాలు చూసే గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది మా ఫిలిం సొసైటీ తరఫున మేం మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం సార్. మొదటి మూడూ పద్ధతిగా అర్జీ రూపంలో ఇచ్చాం, స్టాంపు వేయించుకున్న కాపీలు నా దగ్గరే ఫైల్లో ఉన్నాయి, ఒక్కదానికీ అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా బహిరంగంగా రాస్తున్నా. కోపంగానే ఉంది, దాచుకోను. కానీ మీరంటే గౌరవం లేక కాదు, నాగయ్య గారి సినిమాలు వేద్దామని మాట ఇచ్చింది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా.

కిందటేడు మార్చి 28న, పాతకాలపు గాయక నటుడు చిత్తూరు నాగయ్య గారి జయంతి సభలో మీరు మైకు పట్టుకుని ఏం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి. "పాటలు ఎప్పుడూ వింటూనే ఉంటాం, వచ్చే జయంతికి నాగయ్య గారి సినిమాలు మూడు రోజులు వేద్దాం, పాట లేని వేషాలు కూడా నేటి పిల్లలకి చూపిద్దాం" అన్నారు. హాల్లో ఉన్న నూట యాభై మందిలో ఎక్కువ తెల్ల జుట్టువాళ్ళే, వాళ్ళు చప్పట్లు ఎలా కొట్టారో మీరూ చూశారు. మా ఫిలిం సొసైటీలో పెద్దాయన ఒకరు, ఎనభై దాటాయి, స్టేజీ దిగాక మీ చెయ్యి పట్టుకుని ఏడ్చారు కూడా. ఆ పెద్దాయన ఈ ఏడు జయంతికి లేరు సార్. ఉన్నా చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

ఎందుకంటే ఈ ఏడు మార్చి 28న జరిగింది పాటల పోటీ. కరోకే ట్రాకులు పెట్టి, నాగయ్య గారు సినిమాల్లో పాడిన త్యాగయ్య పాటలు, పోతన పద్యాలు, ముగ్గురు జడ్జీలు, షీల్డులు, శాలువాలు. పాడిన పిల్లల్ని నేనేమీ అనను, బాగా పాడారు, ఒక అమ్మాయి పోతన పద్యం అందుకుంటే నాకు కూడా ఒళ్ళు జలదరించింది. కానీ మీరు ఇచ్చిన మాట అది కాదు కదా సార్. మేం ఇచ్చిన లిస్టు ఏమైంది? "పాట లేని వేషాలు" అని పేరు కూడా పెట్టి, ఏ రోజు ఏ సినిమా, ఎంత నిడివి, ఎవరు ముందు రెండు మాటలు చెప్తారు, ఎవరి దగ్గర హక్కులు ఉన్నాయి అని కనుక్కుని, టైపు చేయించి ఇచ్చాం. పుణెలో ఉన్న ఫిలిం ఆర్కైవ్‌కి ప్రభుత్వం తరఫున ఒక లెటర్ రాస్తే ఏ ప్రింటు ఉందో ఏది లేదో తేలిపోతుంది, మాలాంటి చిన్న సొసైటీ రాస్తే ఒక విలువ, మీరు రాస్తే ఒక విలువ అని కూడా చెప్పాం. ఆ ఒక్క లెటర్ కోసం పదకొండు నెలలు తిరిగాం.

చివరికి ఒక ఆఫీసులో ఒకాయన మాతో అన్న మాట ఇది: "నాగయ్య గారంటే పాటలే కదండీ, తర్వాత వేసిన ముసలి వేషాలు ఎవరు చూస్తారు?" ఆయన చెడ్డవాడు కాదు, మాకు టీ కూడా ఇప్పించాడు. ఆయన పేరు గానీ ఆఫీసు పేరు గానీ ఇక్కడ రాయను. కానీ ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వట్లేదు, ఈ ఉత్తరం మొత్తం ఆ మాటకి జవాబే అనుకోండి.

నాగయ్య గారి గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరు ఆ రోజు సభలో చక్కగా మాట్లాడారు. 1938లో గృహలక్ష్మితో మొదలుపెట్టి వందేమాతరం, సుమంగళి, దేవత, భక్త పోతన, స్వర్గసీమ, త్యాగయ్య, యోగి వేమన దాకా పదేళ్ళలో ఆయన గొంతు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో గ్రామఫోను మీద, గుళ్ళ దగ్గర, పెళ్ళి పందిళ్ళలో ఎక్కడ పడితే అక్కడ వినిపించింది. అప్పట్లో పాడగలిగితేనే హీరో, ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. ఆయన పాడటమే కాదు సంగీతం కూడా చేసుకున్నాడు. ఇదంతా అందరికీ తెలుసు, శాలువాలు కప్పేది దీనికే. నా బాధ దీని తర్వాత వచ్చిన కాలం గురించి.

ప్లేబ్యాక్ పద్ధతి కుదురుకుంది, గొంతు ఒకరిది మొహం ఒకరిది అయింది, ఘంటసాల గారు వచ్చారు. ఆ ఘంటసాల గారు మొదట ప్లేబ్యాక్ పాడింది కూడా 1945లో నాగయ్య గారి స్వర్గసీమలోనే. పదేళ్ళు గడిచేసరికి పాట కొత్త హీరోల వైపు వెళ్ళిపోయింది, నాగయ్య గారు తండ్రి వేషంలోకి వచ్చారు. దీన్ని అందరూ "పాపం, చివర్లో చిన్న చిన్న వేషాలు వేసుకున్నారు" అని జాలిగా చెప్తారు. నాకు అక్కడే మండుతుంది సార్. డబ్బు విషయంలో ఆయన కష్టపడ్డమాట నిజం, చేతికి ఎముక లేకుండా పంచిపెట్టి చివర్లో ఇబ్బంది పడ్డారన్నదీ నిజం. కానీ డబ్బులో పడిపోవడం వేరు, నటనలో పడిపోవడం వేరు. ఈ రెండూ కలిపేసి ఇరవై ఏళ్ళ పనిని జాలి కింద తోసేశాం.

పాండురంగ మహాత్మ్యం తీసుకోండి, 1957. రామారావు గారు పుండరీకుడు, నాగయ్య గారు, ఋష్యేంద్రమణి గారు తల్లిదండ్రులు. ఆవిడ కూడా ఆషామాషీ మనిషి కాదు, 1935లో శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా పాడి ఆడిన మనిషి. అంటే ఒకప్పుడు పాటలతో జనాన్ని కూర్చోబెట్టిన ఇద్దరు ఇక్కడ ముసలి దంపతులు. సినిమాకి పేరు తెచ్చిన, తల్లిదండ్రుల మీది పాట ఘంటసాల గారి గొంతులో కొడుక్కి వెళ్ళింది. వీళ్ళకి మిగిలింది ఏంటి? మాట, చూపు, నడక, మౌనం. అంత పాటకారి మనిషి దగ్గర పాట తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలంటే ఆ సినిమాలో కొడుకు మాటలు పడుతున్నప్పుడు నాగయ్య గారి మొహం చూడాలి. గొంతు పెంచరు. వాక్యం చివర మాట కొంచెం కిందికి దించి ఆపేస్తారు, కీర్తన చివర ఎక్కడ ఊపిరి వదలాలో తెలిసినవాడు మాత్రమే ఆపగలిగే చోట ఆపుతారు. నా లెక్కలో అది కూడా సంగీతమే, స్వరం లేని సంగీతం.

నేను ఆ సినిమా మా ఊరి టూరింగ్ టాకీసులో మా నాన్నతో చూశా, నాకు పదేళ్ళు ఉంటాయేమో. ఇంటికి వచ్చే దారిలో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. మా తాతకీ నాన్నకీ పొలం గొడవ వచ్చి అప్పటికి రెండేళ్ళుగా మాటల్లేవు. మర్నాడు పొద్దున్నే నాన్న బస్సెక్కి తాత దగ్గరికి వెళ్ళాడు. తర్వాత ఎప్పుడో అమ్మ అడిగితే "ఆ ముసలాయన మొహం చూళ్ళేకపోయానే" అన్నాడట. పాట గురించి చెప్పలేదు సార్, మొహం గురించి చెప్పాడు.

ఇప్పుడు ఫోన్లో ఆ సినిమా పేరు కొట్టండి. ముందు వచ్చేది పాట. ఆ పాట ముక్క కట్ చేసి రకరకాల పేర్లతో పెట్టినవి వస్తాయి. నేను చెప్పిన ఆ మొహం కావాలంటే మాత్రం మొత్తం సినిమా వెతుక్కుని, మసక ప్రింటులో, మూలన లోగో, మధ్యలో యాడ్లు భరించుకుంటూ ఎక్కడుందో పట్టుకోవాలి. మన సినిమా జ్ఞాపకం అంతా పాట ముక్కల్లోనే దాచుకున్నాం మంత్రి గారూ. పాట ఉన్నవాడు మిగిలాడు, పక్కన కూర్చుని విన్నవాడు పోయాడు. భానుమతి గారు చివరిదాకా తన పాట తనే పాడుకున్నారు, ఆవిడకి ఈ బాధ లేదు. నాగయ్య గారు, శాంతకుమారి గారు లాంటివాళ్ళకే ఈ అన్యాయం.

శాంతకుమారి గారి పేరు కూడా మా లిస్టులో అందుకే రాశాం. 1936లో శశిరేఖా పరిణయంలో శశిరేఖ ఆవిడే, పద్ధతిగా కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, పాడుతుందనే సినిమాల్లోకి తెచ్చారు. అదే మనిషి 1955లో అర్ధాంగిలో సవతి తల్లి. పుల్లయ్య గారు, అంటే ఆవిడ భర్తే, ఆ సినిమా తీశారు. నాగేశ్వరరావు గారు, సావిత్రి గారు, జగ్గయ్య గారు అంతమంది ఉన్న సినిమాలో ఇంటిని శాసించే ఆ పెత్తనం, ఆ కాఠిన్యం చూస్తే ఈవిడ ఒకప్పుడు పాటల హీరోయిన్ అంటే ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. పాట పోయాక గతిలేక నటించారు అనుకునేవాళ్ళకి 1945 తమిళ మీరా చూపించాలి. ఆ సినిమా అంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతు, అంతే. నాగయ్య గారు అప్పటికి పాటలో శిఖరం మీద ఉన్నారు, మర్నాటి ఏడే త్యాగయ్య. అలాంటి మనిషి ఒప్పుకున్నది మీరాబాయి భర్త రాణా వేషం, భార్య దేవుడి కోసం పాడుతుంటే పక్కన నిలబడి నలిగిపోయే మగాడి వేషం. 1950లో బీదలపాట్లు, విక్టర్ హ్యూగో నవల మీద పక్షిరాజా వాళ్ళు తెలుగు తమిళం రెండూ తీసింది, అందులో నాగయ్య గారు జైలు నుంచి వచ్చిన దొంగ. తమిళంలో ఇన్‌స్పెక్టర్ జావర్ వేషం వేసిన సీతారామన్ గారికి జావర్ అనేది ఇంటిపేరులా అతుక్కుపోయింది, నాగయ్య గారికి మాత్రం ఎక్కడికి వెళ్ళినా త్యాగయ్య అనే పేరే. ఆ రోజుల్లో బొంబాయిలో ఫిల్మ్ఇండియా పత్రిక నడిపిన బాబూరావు పటేల్ నాగయ్య గారిని మన దేశపు పాల్ ముని అన్నాడని పాతవాళ్ళు చెప్తారు. హాలీవుడ్‌లో ఉన్న ఆ పాల్ ముని గాయకుడు కాదు సార్, నటుడు. పరాయి రాష్ట్రపు పత్రికాయన నటుడితో పోల్చాడు, మనం పాటల పోటీ పెట్టాం.

లవకుశ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పి వదిలేస్తా. అందరూ చూసిన సినిమా కాబట్టి పిల్లలకి చూపించడం తేలిక అని లిస్టులో పెట్టాం. ఆ పిల్లల పాటలు లీల గారు, సుశీల గారు పాడారు. ఆ పిల్లలకి రామకథ పాడటం నేర్పిన వాల్మీకి ఎవరు? నాగయ్య గారు. 1963లో ఆ వేషానికి ఈయన తప్ప ఇంకెవరు సరిపోతారు చెప్పండి, ఒక తరానికి పాట అందించి పక్కకి తప్పుకున్న మనిషి కదా.

మీరు ఏం చేయాలో అడుగుతున్నా. ఆ లెటర్ రాయండి. ఏ సినిమా మంచి ప్రింటు ఉందో, ఏది పాడైపోతుందో కనుక్కోండి. పాత ఫిల్ము మన కోసం ఆగదు, దాని కెమికల్ స్వభావమే అది, వెనిగర్ వాసన కొట్టడం మొదలైతే ఇక తగ్గదు, పెరుగుతుంది. మీ ఆఫీసుకి ఒక్కో నెల ఆలస్యం ఒక నోట్ ఫైలు అవుతుంది గానీ ఆ రీలుకి అది వేరే లెక్క. మాకు కోట్లు అక్కర్లేదు, మ్యూజియం అడగట్లేదు, విగ్రహం అసలే వద్దు, చెన్నైలో పానగల్ పార్కులో ఒకటి ఉంది, నేను వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చా. మాకు కావాల్సింది సినిమా, మొత్తం సినిమా, మొదటి నుంచి చివరిదాకా, పెద్ద తెర మీద. ఆ లెటర్ రాయండి సార్, దయచేసి ఆ లెటర్ ఒక్కటి రాయండి.

పాటల పోటీ కూడా పెట్టుకోండి, ఆపమని అనను. పొద్దున్న పాటలు, సాయంత్రం సినిమా పెట్టండి. ఆ పోతన పద్యం పాడిన అమ్మాయిని సాయంత్రం హాల్లో కూర్చోబెట్టి పాండురంగ మహాత్మ్యం చూపిద్దాం, తను పొద్దున పాడిన పద్యం పాడినాయన పాట లేకుండా ఏం చేశాడో చూస్తుంది. ఆ పిల్లకి అది ఏ షీల్డూ ఇవ్వలేనిది ఇస్తుందని నా నమ్మకం.

ఆయన 1973 డిసెంబరు 30న పోయారు. ఘంటసాల గారు ఆ తర్వాత ఫిబ్రవరి 11న పోయారు. నెలన్నర కూడా తేడా లేదు. మా నాన్న ఆ రెండు పేపర్లూ కత్తిరించి ఒకే కవర్లో పెట్టుకున్నాడు, అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. మీరు పిలిస్తే ఆ కవరు, మూడు అర్జీల కాపీలు, సినిమాల లిస్టు అన్నీ తీసుకుని వస్తా. ఏ టైము చెప్పినా వస్తా, బయట బెంచీ మీద ఎంతసేపైనా కూర్చుంటా, అలవాటైంది. హాలు అద్దె మేం చందాలేసుకుని కట్టుకుంటాం, ప్రొజెక్టర్ మాదే ఒకటి ఉంది, కుర్చీలు తుడిచేది కూడా మేమే. మార్చి 28 మళ్ళీ వస్తోంది మంత్రి గారూ, ఈసారి కరోకే బ్యానర్ కట్టేముందు ఒక్కసారి మాకు కబురు పెట్టండి.

ఇట్లు,
మీరు మాట ఇచ్చిన రోజు మూడో వరసలో కూర్చున్న ఒక ఫిలిం సొసైటీ సభ్యుడు