చివరి స్టాండు దగ్గర కూర్చునే మా అమ్మలుకు

చిక్కడపల్లి,
హైదరాబాదు.

చిరంజీవి అమ్మలుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమసమాచారాలు నాన్నగారి ఫోనులో ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉన్నాయి. అయితే ఈ విషయం ఫోనులో మాట్లాడితే సగం చెప్పి సగం మింగేస్తానని తోచి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అమెరికాలో, ఒహాయోలోని మీ యూనివర్సిటీ ఆర్కెస్ట్రా వారి నియమావళి నువ్వు పంపించావు. తొమ్మిది పేజీలూ రెండుసార్లు చదివాను. దానితోపాటు నువ్వు రాసిన నాలుగు మాటలనూ చదివాను. బయాలజీ చదవడానికి వచ్చినదానివి నీవనీ, ఒక్క క్రెడిట్ కోసం ఇంత కట్టుదిట్టం ఎందుకనీ రాశావు. ల్యాబు రిపోర్టు మిగిలిపోయిందని గత వారం మీ సెకండ్ వయొలిన్లవారికి విడిగా జరిగే సెక్షనల్ రిహార్సల్ మానేశావు, ఎవరికీ ముందుగా చెప్పలేదు, గ్రేడు తగ్గిస్తామని హెచ్చరిక వచ్చింది. "సెకండ్ వయొలిన్లలో చివరి స్టాండు దగ్గర కూర్చునేదాన్ని, నేను లేకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగావు. గ్రేడు పోతే మళ్లీ తెచ్చుకుంటావు. నన్ను బాధపెట్టింది ఆ చివరి ప్రశ్న.

అందరికంటే ముందు నీ పక్కన కూర్చునే అమ్మాయికి తెలుస్తుంది. స్వరాల కాగితం పెట్టుకునే ఒక్కో స్టాండుకు ఇద్దరు కదా. శ్రోతల వైపు కూర్చున్నవారు ఆపకుండా వాయిస్తుంటే, లోపలి వైపు కూర్చున్నవారు పేజీ తిప్పుతారు, పెన్సిలు గుర్తులు పెడతారు. నీది లోపలి కుర్చీ అని సెప్టెంబరులోనే చెప్పావు. అంటే నువ్వు రాని రోజున పేజీ చివరకు వచ్చేసరికి ఆ అమ్మాయి తీగల మీద లాగే కమానును ఆపి తానే కాగితం తిప్పుకోవాలి. ఒకే పంక్తిలో రెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి రాసి ఉన్నచోట సాధారణంగా పై స్వరం బయటివారిది, కింది స్వరం లోపలివారిది. నువ్వు లేకపోతే మీ స్టాండు నుంచి ఆ కింది స్వరమే రాదు. సెక్షనల్‌లో మీ నాయకుడు కమాను దిశలు మార్చి ఉంటే, అవి తెలియని నువ్వు తరువాతి రిహార్సల్‌లో అందరి కమాన్లూ కిందికి దిగుతున్నప్పుడు పైకి వెళ్తావు.

చివరి స్టాండు అని చిన్నబుచ్చుకుంటున్నావు గానీ, అక్కడ కూర్చోవడం తేలిక కాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. నీకూ ముందువారికీ మధ్య పది మీటర్లుంటే వారి నాదం నీ చెవికి చేరడానికి దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. నువ్వు చెవితో విని వాయిస్తే ఆ మేరకు వెనకబడతావు, నీ నాదం ముందుకు చేరేసరికి మరింత ఆలస్యమవుతుంది. అందుకే వెనక స్టాండ్లవారు ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతినీ, సెక్షన్ నాయకుడి కమానునూ కంటితో పట్టుకుని వాయించాలని చెబుతారు. ఆ అలవాటు గదిలో ఒంటరిగా సాధన చేస్తే రాదు, పదిమందిలో కూర్చుంటేనే వస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు నీకు చెప్పలేదు. నీ వయసులో నేను సంగీత కళాశాలలో సాయంత్రం తరగతులకు వెళ్లేదాన్ని. ఒక సంవత్సరం వార్షికోత్సవం కోసం పద్నాలుగు వయొలిన్లు, రెండు వీణలు, ఒక వేణువు, మృదంగంతో వాద్యబృందం తయారు చేశారు. ఒకరోజు రిహార్సల్‌కు నేను నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. చెప్పుకోదగ్గ కారణం ఏదీ లేదు, సుల్తాన్ బజారులో గాజుల దుకాణం ముందు నిలబడిపోయాను. నేను లోపలికి అడుగుపెట్టేసరికి అందరూ సగం వాయించి ఉన్నారు. నేను శ్రుతి చేసుకోవడం కోసం అందరూ ఆగారు. మా గురువుగారు నన్ను ఒక్క మాట కూడా అనకుండా, "మొదటి నుంచి" అన్నారు. ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మృదంగం వాయించే పెద్దాయన భువనగిరి నుంచి వచ్చేవారు. ఆ రాత్రి ఆయనకు ఆఖరి రైలు తప్పిపోయింది. సికింద్రాబాదు స్టేషనులో బెంచీ మీద, మృదంగాన్ని పక్కన పెట్టుకుని, దాని మీద ఒక చేయి వేసి ఉంచుకుని తెల్లవారేదాకా పడుకున్నారట. మర్నాడు తోటి విద్యార్థిని చెబితే తెలిసింది. క్షమించమని అడగడానికి వెళ్తే ఆయన ఆ ఊసే ఎత్తనివ్వలేదు, "భోజనం చేశావా అమ్మా?" అని అడిగారు. ఇప్పటికీ సికింద్రాబాదు స్టేషనులో ఆ బెంచీల వరుస చూస్తే నాకు ఆయనే గుర్తుకు వస్తారు. నువ్వు "ఎవరికి తెలుస్తుంది" అని రాసినప్పుడు కూడా ఆయనే గుర్తుకు వచ్చారు.

కమాను పైకా కిందికా అన్నది కూడా వేరొకరు నిర్ణయిస్తే ఇక నీ సంగీతం ఎక్కడుందని కూడా రాశావు. ఈ ప్రశ్న న్యాయమైనది, ఎందుకంటే నువ్వు పెరిగిన సంప్రదాయం వేరు. మన కచేరీలో వయొలిన్ గాయకుని వెంట నీడలా నడిచినా, రాగాలాపన తరువాత దానికంటూ ఒక అవకాశం వస్తుంది, గాయకుడు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలకు జవాబు చెప్పే చొరవ ఉంటుంది, కమాను ఎక్కడ తిప్పాలన్నది పూర్తిగా విద్వాంసుని ఇష్టం. 1919లో విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కమానును పొడవుగా లాగే తీరు గురించి మా గురువుగారు చెబుతుంటే వినేవాళ్లం. అది ఒక్కరు వేదిక మీద కూర్చున్నప్పటి స్వేచ్ఛ. పదిమంది కలిసి ఒకే స్వరం పలికించాలంటే పద్ధతి మారుతుంది. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి వాద్యవృందం ఏర్పడి, పండిత్ రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ వంటివారు దానిని నడిపించినప్పుడు, మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించడంలో ఆరితేరిన విద్వాంసులే అందులో కూర్చుని ముందుగా కట్టిన స్వరాలను అందరితో కలిసి వాయించారు.

నీకు తొమ్మిదేళ్లప్పుడు త్యాగరాయ గానసభలో ఆరాధనలలో అందరూ కలిసి పాడే గోష్ఠి గానానికి తీసుకువెళ్లాను, గుర్తుందా? గురువుగారి దగ్గర కొత్తగా నేర్చుకున్న సంగతి ఒకటి, అంటే కీర్తన పంక్తిని కొంత మార్చి పాడే తీరు, నువ్వు గట్టిగా పాడావు. మిగిలినవారెవరి పాఠాంతరంలోనూ అది లేదు. నీ మోకాలి మీద చేయి వేసి, "అది ఇంట్లో పాడు తల్లీ, ఇక్కడ అందరూ పాడేదే పాడు" అన్నాను. ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు నువ్వు. నీ సంగతి తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

కమాను దిశ ఒకటిగా ఉండాలన్న నియమం చూపు కోసం మాత్రమే పెట్టింది అనుకోవద్దు. పట్టుకునే చివర బరువు ఎక్కువ, కొన దగ్గర తక్కువ. కిందికి లాగే కమానులో స్వరం మొదట బలంగా పుట్టి సన్నబడుతుంది, పైకి వెళ్లే కమానులో క్రమంగా పెరగడం సులువు. పన్నెండుమంది పన్నెండు తీర్లుగా లాగితే ఒకే వాక్యాన్ని పన్నెండు చోట్ల విరిచి చదివినట్లుంటుంది. అందుకే ప్రతి రిహార్సల్‌కూ పెన్సిలు తెచ్చుకోవాలన్న నిబంధన నాకు ఆ తొమ్మిది పేజీల్లోనూ అన్నిటికంటే నచ్చింది. పెన్నుతో రాయకు. ఆ ప్రతులు చాలావరకు అద్దెకు తెచ్చినవో, లైబ్రరీవో అయి ఉంటాయి, చెరిపి తిరిగి ఇవ్వాలి, మరుసటి ఏడాది ఇంకెవరో అదే కాగితం ముందు కూర్చుంటారు.

పదిహేను నిమిషాలు ముందుగా రావాలన్న నియమానికి చలి కూడా ఒక కారణం. ఒహాయో చలిలో నడిచి వచ్చిన వయొలిన్ గది వేడికి అలవాటు పడకముందే శ్రుతి చేస్తే మళ్లీ జారిపోతుంది. మొదటి వయొలిన్ల నాయకుడైన కాన్సర్ట్‌మాస్టర్ లేచి నిలబడగానే అందరూ మౌనంగా ఉండాలనీ, ఓబో అనే ఊదే వాద్యం ఇచ్చే స్వరానికి మాత్రమే తీగలు సరిచూసుకోవాలనీ, ఆ వేళ ఎవరూ తమకు వచ్చిన కష్టమైన భాగాలు ప్రదర్శించకూడదనీ రాశారు. ఓబో నాదం నిలకడగా, చెవికి స్పష్టంగా ఉంటుంది, వాయిస్తుండగా దాన్ని సరిచేయడం మన తీగలంత సులువు కాదు, కాబట్టి సాధారణంగా 440 హెర్ట్జ్ దగ్గర అది ఇచ్చే స్వరానికే అందరూ ఒదుగుతారు. తంబురా శ్రుతి చేసేటప్పుడు మన ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వని నానమ్మకు ఈ నియమం చదివి వినిపిస్తే, "అక్కడా మనలాగే ఉన్నారే" అని సంతోషించింది.

నల్లని దుస్తులు, సెల్‌ఫోను బ్యాగులో ఉంచడం, కండక్టర్ ఆపగానే వాయిద్యం ఆపడం, పాదంతో తాళం వేయకపోవడం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తాళం వేయడం మన అలవాటు కనుక మొదట్లో కాలు కదులుతుంది, బూటు లోపల బొటనవేలితో వేసుకో.

ఒక విషయంలో మాత్రం ఆ నియమావళి నాకు చాలలేదు. నొప్పి గురించి ఒక్క వాక్యమే ఉంది. భుజంలోనో, ఎడమ చేతి మణికట్టులోనో, మెడలోనో నొప్పి మొదలైతే కచేరీ అయ్యేదాకా ఓర్చుకోవడం క్రమశిక్షణ అని నువ్వు అనుకుంటావేమోనని నా భయం. అలా అనుకోకు. అదే రోజు మీ సెక్షన్ నాయకుడికీ, మీ టీచరుకూ చెప్పి, కమాను పక్కన పెట్టి, డాక్టరుకు చూపించు. చెవుల సంగతి కూడా చూసుకో. రోజుకు ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్స్‌ను మించిన ధ్వనిలో ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ సిఫారసు చేసింది. ట్రంపెట్ల ముందు కూర్చోవలసి వస్తే ఇయర్‌ప్లగ్గులు అడిగి తెచ్చుకో. వయొలిన్ పెట్టెలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకో, హీటరు వేసిన గదిలో చెక్క ఎండి పగులుతుంది. నీది మీ తాతగారు కొనిపెట్టిన ఫిడేలు.

దీపావళి వారంలో డ్రెస్ రిహార్సల్, అంటే కచేరీకి ముందు జరిగే ఆఖరి రిహార్సల్, ఉందని బెంగపడ్డావు. పండుగ మనకు ముఖ్యమే, కాదనను. కానీ సెలవు కావలసిన రోజులు టర్ము మొదట్లోనే రాసి ఇవ్వాలని వారు అడిగినప్పుడు నువ్వు ఆ గడి ఖాళీగా వదిలేశావు. ఈసారి వెళ్లు, రాత్రికి నీ గదిలో ఒక దీపం పెట్టుకో. వచ్చే ఏడాది పంచాంగం చూసి ఆగస్టులోనే రాసివ్వు.

ఈ ఉత్తరం చదవగానే నీ స్టాండు పార్టనరుకు ఎదురుపడి, "గత వారం నేను చెప్పకుండా మానేశాను, నిన్ను ఇబ్బంది పెట్టాను" అని చెప్పు. ల్యాబు రిపోర్టు ప్రస్తావన తేవద్దు. ఆ రోజు పెట్టిన గుర్తులు ఆమె పేజీలో చూసి నీ సాధన ప్రతిలోకి ఎక్కించుకో. తరువాత సెక్షన్ నాయకుడికి రెండు వాక్యాల మెయిల్ పంపించు.

డిసెంబరు కచేరీ మీకు రాత్రి ఏడున్నరకు మొదలైతే మాకు మర్నాడు ఉదయం ఆరు గంటలవుతుంది. లైవ్‌లో చూపిస్తారన్నావు కాబట్టి నాన్నగారు టీవీకి కలిపే తీగ అప్పుడే కొని తెచ్చారు. ముఖాలు చిన్నగా కనబడతాయి గనుక నానమ్మ నిన్ను గుర్తుపట్టలేకపోవచ్చు. వేదిక బొమ్మ ఒకటి కాగితం మీద గీసి, సెకండ్ వయొలిన్ల చివరి స్టాండు ఎక్కడ వస్తుందో, అందులో లోపలి కుర్చీ ఏదో గుర్తుపెట్టి పంపించు.

ఇట్లు,
మీ అమ్మ