చౌడు నేలకు తగిన విత్తనం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

చాపాడు దగ్గర కేసీ కాలువ కింద మాకున్న రెండెకరాల్లో అరెకరం చౌడు. మడిలో తడి ఉన్నా వరి ఆకుల కొనలు మాడిపోతాయి, పిలకలు రావు. మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లు లాగలేదు మరి. మిలిటరీలో ఉన్నప్పుడు హర్యానాలో ఇలాంటి నేలలోనే గోధుమ పండించడం చూశాను. అక్కడి కర్నాల్‌లోని చౌడు నేలల పరిశోధన సంస్థ ఇచ్చిన కేఆర్ఎల్ 210 చౌడుకు ఓర్చే గోధుమ రకం. అంతకుముందే రాజస్థాన్ నాటు గోధుమ నుంచి ఖార్చియా 65 అనే అలాంటి రకమే వచ్చింది. మన దగ్గర గోధుమ వేసేవాళ్లు తక్కువ, మాకు కావాల్సింది అలా ఓర్చుకునే వరి. దుకాణంలో అడిగితే ఎప్పుడూ అమ్మే రకమే చేతిలో పెట్టారు. మూడేళ్లుగా నాట్లప్పుడల్లా అదే టెన్షన్. చౌడులో రెండు రకాలు. కారుచౌడుకు, అంటే క్షారం ఎక్కువున్న నేలకు, జిప్సం వేయాలి; పాలచౌడుకు, అంటే ఉప్పు ఎక్కువున్న నేలకు, ఉప్పు కడిగి మురుగునీరు బయటికి పంపాలి. ఏది ఏదో మట్టి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నారు పోయకముందే ఆ ఫలితం, దానికి తగిన విత్తనం రెండూ మా ఊళ్లోనే అందేలా వ్యవసాయ అధికారులు చూడాలి.

– ఒక రైతు, చాపాడు మండలం, కడప జిల్లా