అన్నకు, దుప్పట్ల సంగతి

హ్యూస్టన్,
2024 సెప్టెంబరు 15

అన్నా,

మొన్న ఫోనులో మాటా మాటా పెరిగి ఇద్దరం మధ్యలోనే పెట్టేశాం. నువ్వు స్పీకరు ఆన్ చేసి ఉంటావనీ, పక్క మంచం మీద కూర్చుని బాపు అంతా వింటూనే ఉంటాడనీ నాకు తర్వాత తట్టింది. అందుకే ఈ ఉత్తరం. ముందు నువ్వొక్కడివే చదువు. చివర మాత్రం బాపు వినవలసింది ఒకటి ఉంది, అది ఎప్పుడు ఎలా చెప్పాలో నీకే బాగా తెలుసు.

యువజన సంఘం పిల్లలు మహబూబాబాద్ వైపు వరద బాధితులకు లారీ తీసుకుపోతామంటే నేను కాదనలేదు. నిరుడు మన ఊరు మునిగితే ఎవరెవరో వచ్చి అన్నం పెట్టారు, ఈసారి మన వంతు అన్నావు. నిజమే. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫొటో చూసి నాకూ నిద్ర పట్టలేదు. నేను అడిగింది ఒక్కటే, లారీలో ఏమేమి వేస్తున్నారని. దుప్పట్లు అన్నావు. అక్కడే నాకు చిర్రెత్తింది. నీకేమో అది పిసినారితనంలా వినిపించింది.

నిరుడు జూలైలో నేను పంపిన డబ్బుతో హనుమకొండలో మీరు కొన్నవీ దుప్పట్లే గదా. మీకంటే ముందు వరంగల్ నుంచి వచ్చినవాళ్లు దుప్పట్లే తెచ్చారు. కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లూ దుప్పట్లే. లెక్క తీస్తే ఇంటికి నాలుగు చొప్పున తేలాయి. వదిన ఒకటి ఎడ్ల మీద కప్పింది, ఇంకొకటి వడ్ల కుప్ప మీద. నవ్వుకుంటూ తనే నాకు వీడియో కాల్‌లో చూపించింది. అదే వారంలో మన వాడలో ఒక్క ఇంట్లోనూ తడవని ఆధార్ కార్డు లేదు, ముక్క చెదరని పట్టా పుస్తకం లేదు.

నీ మాట కొట్టిపారేయడం లేదు. ఆ రాత్రి ఒర్రె పొంగి వాడలోకి వచ్చినప్పుడు తహసీల్దారు రాలేదు, నువ్వే ట్రాక్టరు తీశావు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసిన రోజది, రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ అంత పడలేదు. అటువంటి రాత్రి ఏ అధికారి వస్తాడు, ఏ దారిన వస్తాడు? మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పులెక్కి కూర్చుంటే హెలికాప్టర్లు, పడవలు వచ్చాయి. అది రోడ్డు మీది ఊరు కాబట్టి తర్వాత లారీలూ అక్కడే ఆగాయి, కెమెరాలూ అక్కడే ఆగాయి. కొండాయిలో జంపన్న వాగు మనుషులనే మింగింది. ఆ లోపలి ఊరికి దారి దొరికేసరికి ఎన్ని రోజులు పట్టిందో నీకు తెలియదా? దాత ఎక్కడికి రాగలడో అక్కడికే వస్తాడు, ఎవరు కనిపిస్తే వారికే ఇస్తాడు. తప్పు పట్టడం లేదు. లారీ డ్రైవరు బురదలోకి దిగనంటే ఎవరేం చేస్తారు.

నేనూ ఒకసారి ఆ వరుసలో నిలబడ్డవాణ్నే. ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, అమ్మ బెంగ పెట్టుకుంటుందని. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు మేముండేది కింది అంతస్తు. ఆ తుపానుకు ఈ రాష్ట్రంలో నెడర్లాండ్ అనే ఊరి దగ్గర మొత్తం 60.58 అంగుళాల వాన పడింది. మన లెక్కలో 1,539 మిల్లీమీటర్లు, అయితే అది కొన్ని రోజుల మొత్తం. తెల్లవారుజామున మంచం కోళ్ల వరకు నీళ్లు. చేపలు పట్టుకునే చిన్న పడవేసుకుని ఎవరో ముసలాయన వచ్చి, పాపను ముందు అందుకుని, తర్వాత మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పేరు చెప్పలేదు, మాది అడగలేదు. ఇప్పటికీ వాన మొదలైతే ఆయన టోపీ గుర్తొస్తుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఒక చర్చి హాలులో ఉన్నాం. అందరూ మంచివాళ్లే. నాకు బూట్లు ఇచ్చారు, ఒక సైజు చిన్నవి. రెండు మడమలూ ఒరిసిపోయాయి. ఇచ్చినామె దగ్గరికి పోయి ఇవి కరుస్తున్నాయమ్మా, మార్చండి అని అడగలేకపోయాను. పైగా రోజుకు పదిసార్లు థాంక్స్ చెప్పాను. పాప చేతిలో బొమ్మ పెట్టి ఫొటో తీస్తుంటే నవ్వాను కూడా.

ఇక ప్రభుత్వ సాయం. నా పేరు మీద దరఖాస్తు చెల్లదన్నారు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ నగదు సాయం వర్తించదు. పన్ను మాత్రం అందరితో సమానంగా కడతాం. అయితే పాప ఇక్కడే పుట్టింది, పౌరురాలు, దానికో సోషల్ సెక్యూరిటీ నంబరుంది. కాబట్టి దాని తరఫున అడగవచ్చు. నిజం అన్నా, తొమ్మిది నెలల పిల్ల మా ఇంటి దరఖాస్తుదారు! ఇల్లు చూడటానికి వచ్చినాయన కాగితాల మీద పేరు చదువుతుంటే, ఆ పేరు గల మనిషి ఆయన మెడలోని కార్డు తాడు నములుతోంది. డబ్బు ఆలస్యమైంది. అప్పుడు మాత్రం నేను ఫోను చేసి గద్దించి అడిగాను, మళ్లీ చేశాను, పైవాళ్లతో మాట్లాడాలన్నాను. వచ్చాక ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. బూట్ల దగ్గర నోరు పెగలనివాణ్ని అక్కడ అంత గట్టిగా ఎలా అడిగానా అని చాలాకాలం ఆలోచించాను.

మన పడమటి వాడ పెద్దమ్మ విషయం గుర్తుందా? రెండు బర్రెలు కొట్టుకుపోయాయి. ఆమెకూ నాలుగు దుప్పట్లు, ఒక బియ్యం సంచి ఇచ్చారు. కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం పాడి బర్రె చనిపోతే 37,500 రూపాయలు రావాలి. కానీ కళేబరం చూపించాలి, పశువైద్యుడు చూడాలి, పంచనామా కావాలి. వాగు మింగిన బర్రెను ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? అప్పుడు ఆ డిగ్రీ చదివే పిల్లవాడు, మన సంఘంలో ఎప్పుడూ వెనక నిలబడేవాడు, రెండు రోజులు వాగు పొడుగునా నడిచాడు. నాలుగు కిలోమీటర్ల కింద తుమ్మకంపలో ఇరుక్కుని ఒకటి దొరికింది. ఉబ్బిపోయి గుర్తుపట్టేటట్టు లేదు. చెవికి వేసిన పసుపు బిళ్ల మీద నంబరు మాత్రం చెరగలేదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ బిళ్ల ఫొటో తీసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఒక బర్రె డబ్బు వచ్చింది, రెండోదానిది రాలేదు. వాడు తన జేబులోంచి ఇచ్చింది బండిలో పెట్రోలు ఖర్చే. ఊరికి ఆ ఏడు వచ్చిన లారీలన్నిటికంటే ఆమెకు ఎక్కువ మేలు చేసింది వాడే అని నా లెక్క. ఆ రోజు పంచిపెట్టిన ఫొటోలలో వాడెక్కడా లేడు.

అందుకే లారీ అంటే నాకు దుప్పట్లు గుర్తుకు రావడం లేదు. ఈసారి మునిగిన ఇంటికి 10,000, పంట పోయిన ఎకరాకు 10,000, మనిషి పోతే 5 లక్షలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి సినిమా వాళ్లు ఇస్తున్నారు, ఉద్యోగులు ఒక రోజు జీతం ఇస్తామన్నారు. విపత్తు నిధి రూపాయిలో ముప్పావలా కేంద్రానిది, పావలా రాష్ట్రానిది. మన లారీ ఎంత పెద్దదైనా అంత డబ్బు మోయగలదా? ఆ డబ్బు కదలాలంటే జాబితాలో పేరుండాలి. ఆ పేరు ఎవరు రాస్తారు? ఊళ్లో రెవెన్యూ పని చూసే వీఆర్వోలను 2020లోనే తీసేశారు. ఈ ఫిబ్రవరి నుంచి సర్పంచులూ లేరు, ప్రత్యేకాధికారుల పాలన. ఒక పంచాయతీ కార్యదర్శి, ఒక వ్యవసాయ విస్తరణాధికారి ఎన్ని పొలాల గట్లు తిరుగుతారు? పొలంలో ఇసుక మేట వేస్తే తీయడానికి హెక్టారుకు 18,000 ఇచ్చే నిబంధన ఉందని నాకే నిరుడు తెలిసింది. మేట మూడు అంగుళాలు దాటి ఉండాలి. ఎవరో వచ్చి కొలిచేదాకా ఆ ఇసుకను అలాగే ఉంచాలని మనవాళ్లకు ఎవరు చెప్పారు? నువ్వే మూడో రోజు జేసీబీ పెట్టి తీయించేశావు.

కాబట్టి పిల్లలను ఇలా పొమ్మను: లారీ వద్దు, ఒక వ్యాను చాలు. అందులో జిరాక్స్ యంత్రం, చిన్న జనరేటరు, రెండు ల్యాప్‌టాప్‌లు, తెల్ల కాగితాల కట్టలు. రిటైరైన గిర్దావరు, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఎవరైనా వస్తానంటే ఆయనకు ముందు సీటు, రెండు పూటలా భోజనం. పోయిన ఆధార్లు, పాస్‌బుక్కులు రాసుకోవడం, ఫొటోలు తీయడం, అర్జీలు రాయడం, రసీదు తీసుకునేదాకా కదలకపోవడం. రసీదు ముఖ్యం అన్నా. బియ్యం, మందులు తీసుకుపోవద్దనడం లేదు. ముందు అక్కడికి ఫోను చేసి ఏమి తక్కువైందో అడిగి అదే వేయండి. ఆడపిల్లలకు కావలసినవి అడగడానికి వదినను మాట్లాడమను. మీరు అడిగితే వాళ్లు చెప్పరు.

ఇక్కడి స్నేహితులు కూడా ఇస్తామంటున్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. నాలాగా ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాడు బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, వాళ్లకు ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా ఉండాలి. మన యువజన సంఘానికి అవేవీ లేవు. వాళ్ల డబ్బు నా పేరు మీదుగా పంపడం కూడా సరికాదు. అందుకని వాళ్లను అనుమతి ఉన్న సంస్థలకే ఇమ్మన్నాను. నా వంతు లక్ష మాత్రం రేపు నీ ఖాతాలో పడుతుంది.

దాంతోపాటు ఇంకో 20,000 వస్తాయి. అవి విరాళంలో కలపకు. ఇదే బాపుకు చెప్పవలసింది.

2023 మార్చిలో వడగళ్లు పడి మక్క పోయింది గుర్తుందా? నా పేరు మీదున్న ఆ రెండెకరాలు. దున్నిందీ, విత్తిందీ, మందు కొట్టిందీ మన కౌలు మామ. ఎకరాకు 10,000 ఇస్తామనీ, కౌలు రైతునూ ఆదుకుంటామనీ అప్పటి ముఖ్యమంత్రి పొలాల్లోకి వచ్చి చెప్పారు. డబ్బు మాత్రం పట్టా ఎవరి పేరున ఉందో వారికే, అంటే నాకే వచ్చింది. హనుమకొండ బ్యాంకు ఖాతాలో రైతుబంధు డబ్బుల పక్కనే పడి ఉంది. డిసెంబరులో ఇంకేదో వెతుకుతుంటే కంటపడింది. చూశాను. చూసి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అంతకు ముందే, జూలై వరదకు దుప్పట్లు పంచినప్పుడు, బాపు చేతుల మీదుగా మామ ఒకటి తీసుకుంటున్న ఫొటో నువ్వే పంపావు. మామ రెండు చేతులూ చాచి, కొంచెం వంగి ఉన్నాడు. ఆ ఫొటోకు ఇక్కడ ఎంతమంది మెచ్చుకున్నారో చెప్పడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. ఆయన డబ్బు నా ఖాతాలో, నా దుప్పటి ఆయన చేతిలో.

ఈ 20,000 మామకు ఇవ్వు. ఇంటికి పిలిచి ఇవ్వకు, నువ్వే పో. సాయం అనకు. వడగళ్ల డబ్బు, ఆలస్యమైంది అని చెప్పు. ఏడాదిన్నర ఎక్కడుందని అడిగితే నా దగ్గరుందని చెప్పు.

ఇంకొకటి. వచ్చే ఉగాదికి కౌలు మాట మళ్లీ మాట్లాడుకునేటప్పుడు కాగితం రాయాలి. బాపు వద్దంటాడని తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చినప్పుడు కూడా ఆయన రాత్రంతా నిద్రపోలేదు, భూమి పోతుందని. ఆ భయం ఆయనకు ఊరికే రాలేదు, నాకు తెలుసు. కానీ పట్టా నా పేరున ఉంది, సంతకం నాది. దసరాకు వీలుకాదు, సంక్రాంతికి వస్తాను. అప్పుడు ఆయనతో నేనే మాట్లాడతాను, నువ్వు మధ్యలో ఉండి మాట పడకు.

అమ్మ మోకాలి నొప్పికి పంపిన మందు పట్టీలు చేరాయా? పాపకు త్వరలో ఎనిమిదేళ్లు నిండుతాయి. పెద్దమ్మ బర్రె చెవి బిళ్ల కథ చెప్పమని పడుకునే ముందు రోజూ అడుగుతోంది. ఆ పిల్లవాడి పేరేమిటని కూడా అడిగింది. నాకు తెలియదు, నువ్వు రాసి పంపు. వ్యానులో వాడు పోతున్నాడో లేదో కూడా రాయి.

నీ తమ్ముడు