సంఘ ఉపాధి విభాగం: 2024–25 వార్షిక నివేదిక

మన చర్చి సంఘ సభ్యులందరికీ వందనాలు.

నిరుడు ఇదే సమావేశంలో ఒక అక్క లేచి, "నెలనెలా బియ్యం ఇస్తున్నారు, సంతోషమే. కానీ ఆ సంచి మోసుకుంటూ వీధిలో నడవాలంటే తల ఎత్తలేకపోతున్నా. ఏదైనా పని ఇప్పించండి" అన్నారు. ఈ ఏడాది మేము చేసినదంతా ఆ మాట పట్టుకునే చేశాం.

ముందు కుట్టుపని. ఆరాధన హాలు వెనక గదిలో నాలుగు మిషన్లు వేసి గుడ్డసంచులు కుట్టిస్తున్నాం. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది. 2021 డిసెంబరులో ప్రభుత్వం 'మీండుం మంజప్పై' (మళ్ళీ పసుపు సంచి) ప్రచారం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇవ్వడానికి పసుపు సంచులే కావాలని అడిగేవాళ్ళు మన దగ్గరికీ వస్తున్నారు. కుట్టేవాళ్ళలో ఎక్కువమంది తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి చెన్నైలో పెరంబూరు, వ్యాసర్‌పాడి వైపు స్థిరపడిన ఇళ్ళ ఆడవాళ్ళు. సంచికి ఇంత అని కూలి, శనివారం సాయంత్రం డబ్బు చేతికి. ఆదివారం గుడికి వస్తారా రారా అని ఎవరినీ అడగం. పక్క వీధి ముస్లిం చెల్లెళ్ళు ఇద్దరు మొదటి నెల నుంచీ మనతోనే కుడుతున్నారు.

"చర్చికి వ్యాపారం ఎందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. వారికి నా జవాబు ఇది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ గారు బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించారు. కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం ఎవరూ విశ్వాసం చెప్పుకోకూడదని. మన తాతముత్తాతల్లో ఎవరో ఒకరు ఆ గట్టు మీద తట్ట మోసే ఉంటారని నాకనిపిస్తుంది. ఆ కాలువే మన పేట పక్కన ఇప్పుడు నల్లగా పారుతోంది. మంగళూరులో స్విట్జర్లాండ్ మిషనరీ సంస్థ బాసెల్ మిషన్ 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టి ఎన్నో ఇళ్ళకు జీతం చూపించింది. కాబట్టి మనం కొత్తగా ఏమీ చేయడం లేదు.

పచ్చళ్ళ పని చిన్నగా సాగింది. గోంగూర, కందిపొడి మాత్రమే చేశాం. ఇక్కడి తమిళులకు గోంగూర పుళిచ్చ కీరైగా తెలుసు కనుక రుచి చూపించగానే కొన్నారు. ఆహార పదార్థాలు అమ్మడానికి కావలసిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకున్నాం.

నష్టాలు కూడా చెప్పాలి. నవంబరు 30న ఫెంగల్ తుఫాను వానకు గదిలోకి నీళ్ళొచ్చి గుడ్డ తడిసింది. అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటి. ఒక పెళ్ళివారు పెద్ద ఆర్డరిచ్చి, సంచులు తీసుకెళ్ళి, మూడు నెలలు డబ్బివ్వలేదు. అక్కలకు కూలి ఆగకూడదని కానుకల నుంచి అప్పుగా తీసి ఇచ్చాం, తర్వాత తిరిగి కట్టేశాం. ఆ మూడు నెలలూ శనివారం వస్తోందంటే నాకు టెన్షనే. ఇకమీదట సగం అడ్వాన్సు లేనిదే గుడ్డ కత్తిరించం. మనవాళ్ళయినా సరే.

ఉపాధి విభాగానికి బ్యాంకు ఖాతా, లెక్క పుస్తకాలు వేరుగా ఉన్నాయి. ట్రస్టు చేసే వ్యాపారానికి విడి లెక్కలు ఉండాలని ఆదాయపు పన్ను చట్టం కూడా అడుగుతుంది. కూలి, గుడ్డ, కరెంటు పోగా మిగిలింది తక్కువే. లాభం కోసం కూలి తగ్గించే ఆలోచన మాత్రం ఎవరూ తేవద్దని మనవి.

బియ్యం పంపిణీ ఆపలేదు. పని చేయలేని ముసలివాళ్ళకు, మంచాన పడినవాళ్ళకు ఇక నుంచి ఇంటికే చేరుస్తాం.

వచ్చే ఏడాదికి రెండు మిషన్లు, గుడ్డ తడవకుండా ఎత్తులో ఒక అటక కావాలి. లెక్కలు తెలిసిన యువతీయువకులు ఎవరైనా శనివారం సాయంత్రం గంటసేపు వచ్చి కూర్చుంటే చాలా సాయం. ఆరాధన అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
కార్యదర్శి, ఉపాధి విభాగం, చెన్నై