నాన్న బండిని మళ్ళీ పలికించినవాళ్ళకి

మొన్న ఆదివారం వింజమూరు నుంచి ఉదయగిరి వెళ్ళి, కొండ కింద మట్టిబాటల్లో గంటసేపు తిరిగి ఇంటికొచ్చాను. దారిలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఐదు నెలలుగా ఈ మాట రాయాలని ఎదురుచూస్తున్నాను. రాయగలుగుతున్నానంటే దానికి కారణం ముగ్గురు మనుషులు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే తమ గురించేనని వాళ్ళకి తెలుస్తుంది.

బండి మా నాన్నది, యమహా ఆర్‌ఎక్స్ 100, 1993 మోడల్. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసేవారు. వెనక సీటుకి ఇంజెక్షన్ల పెట్టె కట్టుకుని సీతారామపురం వైపు ఊళ్ళన్నీ ఈ బండి మీదే తిరిగారు. తారు రోడ్డు లేని ఊళ్ళే ఎక్కువ అప్పట్లో. అందుకే దాన్ని మళ్ళీ తయారు చేయించేటప్పుడు మట్టిబాటలకి పనికొచ్చేలా చేయిద్దామనుకున్నాను. బటన్ టైర్లు వేయించాను, ముందు మడ్‌గార్డు ఎత్తించాను. ఇంజిన్ పూర్తిగా దించి సిలిండర్ బోరు కొట్టించి, దానికి సరిపడా 0.50 సైజు పెద్ద పిస్టన్, కొత్త కనెక్టింగ్ రాడ్, బేరింగులు, ఆయిల్ సీళ్ళు అన్నీ వేయించాను. ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశారు కాబట్టి లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపి పోస్తున్నాను.

బండి మొదటి కిక్కుకే స్టార్టయింది. ఆ సంతోషం నాలుగు కిలోమీటర్లే. ఇంజిన్ వేడెక్కాక సగం యాక్సిలరేటర్ దగ్గర ఎత్తుకోవడం మానేసేది. యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ వెంటనే దిగేది కాదు, అలాగే అరిచి అరిచి నెమ్మదిగా తగ్గేది. ప్లగ్గు తీసి చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉండేది. ఇంజిన్ కట్టిన షాపులో అడిగితే కొత్త బోరు కదా, సర్దుకుంటుందన్నారు. ప్లగ్గు మార్చాను, కాయిల్ మార్చాను, కార్బొరేటర్ మూడుసార్లు కడిగించాను, అందులో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ రెండు నంబర్లు పెద్దది వేశాను. ఎవరో చెప్పారని ఆయిల్ ఇంకాస్త ఎక్కువ కలిపాను. ఒకరోజు దుత్తలూరు దాటాక పిస్టన్ బోరులో పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. చెయ్యి క్లచ్ మీద ఉండబట్టి పడలేదు. ఆ రాత్రి నాన్న ఏమీ అనలేదు, బండి మీద గోనెపట్టా కప్పి వచ్చి పడుకున్నారు.

కావలిలో ఉండే మెకానిక్ మామ నంబరు మా పిన్ని కొడుకు ఇచ్చాడు. ఆయన పని మానేసి పదేళ్ళు దాటింది. ఫోన్‌లో నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు: "ఛోక్ ఎత్తి నడిపితే ఎట్టుండాది?"

ఛోక్ ఎత్తితే ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ అందుతుంది. ఎత్తి చూశాను. అప్పటిదాకా ఎత్తుకోని బండి ఎత్తుకుంది!

"అయితే ఇంక జెట్లు మార్చబాకు అబ్బాయా. యాడనో గాలి తాగతా ఉండాది," అన్నాడు. మర్నాడు పొద్దున బస్సెక్కి మా ఇంటికి వచ్చేశాడు. నేను రమ్మనలేదు, రమ్మనే ధైర్యం కూడా నాకు లేదు.

ఆయన చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఇది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉండే గదే పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి పోతే పెట్రోలు, గాలి కలిసి ఆ గదిలోకి వస్తాయి, కిందికి దిగితే అవే పైకి తోసుకుపోతాయి. పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసే క్రాంక్. దానికి రెండు పక్కలా ఉన్న ఆయిల్ సీళ్ళలో ఏది కారినా కార్బొరేటర్ దాటి దొంగగాలి లోపలికి వస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఇంజిన్ కాలిపోతుంది. నేను ఆయిల్ ఎక్కువ కలపడం కూడా తప్పేనట. ఆయిల్ పెరిగిన మేరకు జెట్‌లోంచి వచ్చే పెట్రోలు తగ్గుతుంది, మంట ఇంకా వేడెక్కుతుంది.

ఇక ఆ గదిలోకి గాలి కొట్టి ఎక్కడ కారుతోందో చూడాలి. ఎక్కువ కొడితే సీళ్ళు ఊడొస్తాయి, ఆరు పౌండ్లు దాటకూడదన్నాడు. టైర్లకి గాలి చూసే మీటర్‌లో ముల్లు ఆరు దగ్గర సరిగ్గా కనిపించదు. మామ వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ డాక్టర్ గారి దగ్గరికి నన్ను తీసుకెళ్ళి బీపీ మిషన్ అడిగాడు. దాని డయల్ మీద 300 అంటే దాదాపు ఆరు పౌండ్లే. డాక్టర్ గారు మారు మాట్లాడకుండా చేతికి కట్టే పట్టీ విప్పి, బల్బూ డయలూ నా చేతిలో పెట్టారు. ఆ రోజు వచ్చిన పేషెంట్లకి ఇంట్లో ఉన్న పాత మిషన్‌తో చూశారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

లేత్ షాపు తమ్ముడు కార్బొరేటర్ కూర్చునే రంధ్రానికి సరిపడా అల్యూమినియం బిరడా తీసి, మధ్యలో సైకిల్ ట్యూబు వాల్వు బిగించి ఇచ్చాడు. కరెంటు పోతే వచ్చేదాకా కూర్చుని మరీ చేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. సైలెన్సర్ బెండు తగిలే చోట లారీ ట్యూబు ముక్క పెట్టి మూశాం. పిస్టన్ కిందికి దించి, మామ బల్బు నొక్కాడు. ముల్లు 280 దాకా ఎక్కి, మేం చూస్తుండగానే వందకి జారిపోయింది.

అమ్మ సర్ఫు నీళ్ళు కలిపి తెచ్చింది. హెడ్డు దగ్గర పోశాం, ఏం లేదు. బోరు కింద ప్యాకింగ్ దగ్గర ఏం లేదు. గేర్ ఆయిల్ తగ్గలేదు, తెల్లపొగ లేదు కాబట్టి క్లచ్ వైపు సీలు కాదని మామ ముందే అన్నాడు. క్రాంక్ రెండో వైపు ఉండే మ్యాగ్నెట్ ఊడదీసి దాని వెనక నీళ్ళు పోయగానే బుడగలు! సెనగగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి, క్రాంక్ చుట్టూ ఒక్క పక్కనే.

సీలు కొత్తదే. పీకి చూస్తే లోపలి పెదవి ఒకచోట మడతపడి ఉంది. ఆ పెదవిని క్రాంక్‌కి అదిమిపట్టే స్ప్రింగు, వెంట్రుకంత సన్నటి తీగతో చుట్టిన ఉంగరం, గాడిలోంచి జారిపోయి వేలాడుతోంది. గ్రీజు రాయకుండా పొడిగా తోసేసుంటారు అన్నాడు మామ. ఇంకేమీ అనలేదు, ఎవరినీ తిట్టలేదు. కొత్త సీలు పెదవికి వేలితో గ్రీజు రాసి, తిప్పుతూ తిప్పుతూ కూర్చోబెట్టాడు. మళ్ళీ గాలి కొడితే ఐదు నిమిషాలైనా ముల్లు కదల్లేదు. పిస్టన్ మీద గీతలు సన్న ఎమిరీతో తుడిచి, పాత జెట్ వేసి, ఆయిల్ మళ్ళీ 40కి తెచ్చాం.

మామా, మీరు బస్సు ఛార్జీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. మీరు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా నాన్న రోడ్డు మీదే నిలబడ్డారు. డాక్టర్ గారూ, మీ మిషన్‌తో మా ఇంజిన్ బతికింది. తమ్ముడూ, నువ్వు ఆ రోజు పెట్టిన నాలుగు గంటలకి నేను రుణపడి ఉన్నాను. మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాది తరఫున నిండు మనసుతో కృతజ్ఞతలు.

నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కిక్కు కొట్టలేరు. నేను స్టార్ట్ చేసి ఇస్తే నిన్న సాయంత్రం చెరువు కట్ట దాకా ఒక్కరే వెళ్ళొచ్చారు.

ఆ అల్యూమినియం బిరడా మా ఇంట్లో ఉంది. వింజమూరు, కలిగిరి, ఉదయగిరి చుట్టుపక్కల ఎవరి ఆర్‌ఎక్స్ ఇలా ఇబ్బంది పెడుతున్నా వచ్చి తీసుకెళ్ళండి.