మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: నాటాక నీళ్లెవరు పోస్తారు?

అయ్యా, నమస్కారం.

అభ్యంతరాలు చెప్పమని మీరు బయటపెట్టిన మన పట్టణ ముసాయిదా ప్లాన్‌లో కమ్యూనిటీ హాలు, ఆటస్థలం, పట్టణ అడవి అన్నీ ఉన్నాయి, సంతోషం. కానీ మొక్కలు నాటే ఖర్చే రాసి, తర్వాతి రెండు మూడేళ్ల నీళ్ల ఖర్చు వదిలేస్తే చివరికి మిగిలేవి ప్రారంభోత్సవం ఫొటోలే.

సెసిల్ కొనైనెన్‌డైక్ అనే పట్టణ అడవుల నిపుణుడు 2021లో 3-30-300 సూత్రం చెప్పారు. ఇంట్లోంచి చూస్తే కనీసం 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు దొరకాలి. దీన్ని వార్డుల వారీగా లెక్కేయించండి. ఊరి చివర పెద్ద అడవి పెంచి సగటు తీస్తే కాగితం మీద లెక్క కుదురుతుంది, ఇరుకు సందులో ఉండేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఇంకోటి, చెట్టు మొదలు దాకా సిమెంటు పోయడం ఆపించండి. వాన నీళ్లు వేళ్లకు దిగడం లేదు.

అభ్యంతరాల గడువు ముగిసేలోపే వార్డు మ్యాపులు, నిర్వహణ బడ్జెట్ బయటపెట్టమని మనవి.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు